అది గొర్రెనా... కుక్కనా?

'అమ్మా, గది గొర్రెపిల్లనా, కుక్కపిల్లనా?'

బీరంగూడ కమాన్ దగ్గర పాలప్యాకెట్ల కోసం ఆగిన ప్రతి పొద్దునా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. తప్పు వాళ్లది కాదు. గోధుమరంగు ఉంగరాల జుట్టు, ఆ జుట్టు వెనకాల ఎక్కడో రెండు కళ్లు. మూతి ఎటుందో తోక ఎటుందో ఒక్కోసారి నాక్కూడా డౌటే. 'కుక్కనే అన్నా' అంటా. నమ్మరు. అది మొరిగాక నమ్ముతారు.

దీని పేరు ఉంగి. ఉంగరాల జుట్టు కదా అని అమ్మ 'ఉంగరం' అని పెట్టింది. పిలిచి పిలిచి అరిగిపోయి ఉంగి అయింది. తల్లి కాకర్ స్పానియెల్, తండ్రి పూడుల్. ఈ కలగలుపు జాతిని కాకాపూ అంటారు. నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేస్తా. మూడు షిఫ్టులు మారుతుంటాయి. ఇంట్లో నేను, అమ్మ, ఇంజినీరింగ్ చదివే తమ్ముడు. అమ్మకు పన్నెండేళ్లుగా ఆస్తమా. ఈ చివరి ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆస్తమా ఉన్న ఇంట్లోకి కుక్కనెందుకు తెచ్చారు అంటారేమో. మా మేనమామ ఇప్పటికీ అదే అంటాడు. తమ్ముడు రీల్స్‌లో చూశాడు. ఫోన్ నంబర్ సంపాదించాడు. అమ్మినాయన నాలుగే మాటలు చెప్పాడు. వెంట్రుకలు రాలవు. అలర్జీ రాదు. టాయ్ సైజు, నాలుగు కిలోలు దాటదు. కేసీఐ పేపర్లు కూడా ఇస్తా. ఇరవై రెండు వేలు ఫోన్‌పే కొట్టి, చెప్పుల డబ్బాలో పట్టేంత పిల్లను ఇంటికి తెచ్చుకున్నాం.

ఇప్పుడది 11 కిలోలు. పేపర్లు రాలేదు, రావు కూడా. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా నమోదు చేసేది జాతి కుక్కల్నే. రెండు జాతుల్ని కలిపిన పిల్లకు ఆ క్లబ్ పేపర్లు ఇస్తానని ఎవరన్నా అంటే అక్కడే లేచి వచ్చేయండి. మిగిలిన రెండు మాటల కథ కొంచెం పెద్దది.

హవాయి నుంచి ఒక ఉత్తరం

పూడుల్‌ని వేరే జాతితో కలపాలన్న పిచ్చి ప్రపంచమంతా పాకడానికి ఒక రకంగా కారణం కూడా ఇంట్లో అలర్జీయే. ఆస్ట్రేలియాలో చూపులేనివాళ్లకు దారిచూపే కుక్కల్ని తయారుచేసే సంస్థలో వాలీ కాన్రన్ అనే ఆయన పనిచేసేవారు. 1980ల్లో ఆయనకు హవాయి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడకు చూపు లేదు, గైడ్ డాగ్ కావాలి. కానీ భర్తకు కుక్క వెంట్రుకలు పడవు. జుట్టు పెద్దగా రాల్చని పూడుల్ అయితే సరిపోతుందేమో అని కాన్రన్ మూడేళ్లలో 33 పూడుల్స్‌ని పరీక్షించారు. ఒక్కటీ ఆ పనికి కుదర్లేదు. చివరికి ల్యాబ్రడార్‌తో పూడుల్‌ని కలిపారు. మూడు పిల్లలు పుట్టాయి. వాటి వెంట్రుకలు, లాలాజలం నమూనాలు హవాయికి పంపిస్తే, ఆ భర్తకు పడింది ఒకదానివే.

అదే తల్లి, అదే తండ్రి, అదే కాన్పు. మూడింట్లో ఒకటి! ఈ సంగతి నాకు కుక్కను కొన్న ఏడాదికి తెలిసింది.

మిగతా పిల్లల్ని క్రాస్‌బ్రీడ్ అంటే పెంచడానికి ఎవరూ ముందుకు రాలేదట. 'ల్యాబ్రడూడుల్' అని కొత్త పేరు పెట్టేసరికి ఎగబడ్డారు. పేరులో ఏముంది అంటారుగానీ, ఇక్కడ ఉన్నదంతా పేరులోనే. కాకాపూ, మాల్టీపూ, షీపూ... ఏ కుక్కకు పూడుల్ కలిపితే దానికో పేరు. 2019లో ఆస్ట్రేలియా రేడియోకు ఇచ్చిన ఇంటర్వ్యూలో కాన్రన్, తాను చేసిన పనికి బాధపడుతున్నానని చెప్పారు. డబ్బు కోసం ఎవరుపడితే వాళ్లు ఏ జాగ్రత్తా లేకుండా ఇలాంటి పిల్లల్ని పుట్టించడం మొదలుపెట్టారన్నది ఆయన బాధ.

అలర్జీ విషయం ఇంకా సూటిగా చెప్పొచ్చు. మనకు పడనిది వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలో, చర్మం పొట్టులో ఉండే కొన్ని ప్రొటీన్లు. వాటిలో ముఖ్యమైనదాని పేరు 'క్యాన్ ఎఫ్ 1'. వెంట్రుక రాలకపోతే ఇల్లు తుడవడం తేలికవుతుంది, అంతే. కుక్క నాలుకతో ఒళ్లు నాక్కున్నంతకాలం ఆ ప్రొటీన్ ఇంట్లో ఉంటుంది. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు కుక్కల వెంట్రుకలు, ఇళ్లలోని దుమ్ము సేకరించి కొలిచారు. అలర్జీ రాదని పేరున్న పూడుల్, ల్యాబ్రడూడుల్‌ లాంటి వాటి వెంట్రుకల్లో ఈ ప్రొటీన్ తక్కువేమీ లేదు, మిగతా కుక్కల కంటే ఎక్కువే ఉంది. ఇళ్లలో గాలిలో చూస్తే పెద్ద తేడా లేదు. 'అలర్జీ రాని జాతి' అనడానికి ఆధారం లేదని తేల్చేశారు.

'క్రాస్ కదా మేడమ్, రోగాలు రావు' అనే మాట కూడా విన్నాం. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు 2024లో తొమ్మిది వేలకు పైగా కుక్కల వివరాలు తీసుకుని కాకాపూ, కావపూ, ల్యాబ్రడూడుల్‌లను వాటి తల్లిదండ్రుల జాతులతో పోల్చారు. 57 రకాల జబ్బులు చూస్తే, చాలామటుకు తేడానే లేదు. ఎక్కువ కాదు, తక్కువా కాదు. కాకర్ చెవుల బాధ, పూడుల్ కళ్ల బాధ రెండూ పిల్లకు రావొచ్చు, ఏదీ రాకపోనూవచ్చు.

కుక్కకు షిఫ్టుల్లేవు

మాకు ఇచ్చినప్పుడు ఉంగికి ఐదు వారాలు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. మాకు ఇవేవీ తెలియవు. తల్లి దగ్గర, తోడబుట్టినవాటి దగ్గర ఉండాల్సిన ఆ మూడు వారాల్లోనే పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ, ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది ఏడుస్తుందో నేర్చుకుంటాయి. ఆ పాఠం ఉంగి మా పిక్కల మీద నేర్చుకుంది.

దాని హుషారు గురించి ఏం చెప్పను! పొద్దున కళ్లు తెరిచిన క్షణం నుంచి మోటార్ ఆన్. సోఫా మీదినుంచి దివాన్ మీదికి, అక్కణ్నుంచి అమ్మ ఒళ్లోకి, మళ్లీ సోఫా మీదికి. నా సేఫ్టీ షూస్‌లో ఇనప ముక్క ఒక్కటీ మిగిలింది. కంపెనీ ఐడీ కార్డు మీద నా ఫొటోకు ముక్కు లేదు. సెక్యూరిటీ అన్న రోజూ చూసి నవ్వేవాడు.

అలసిపోతే పడుకుంటుంది కదా అని పరుగెత్తించాం. తమ్ముడు స్కూటీ మెల్లగా నడుపుతుంటే పక్కన ఇది. రోజుకు నాలుగు కిలోమీటర్లు. నెల తిరిగేసరికి ఏమైందో తెలుసా? నాలుగు కిలోమీటర్లు అవలీలగా పరుగెత్తి, ఇంటికొచ్చి ఐదో కిలోమీటర్ సోఫా మీద పరుగెత్తే కుక్క తయారైంది. మేం దానికి ఉచితంగా జిమ్ కోచింగ్ ఇచ్చామన్నమాట. (స్కూటీ పక్కన కుక్కను పరుగెత్తించడం ప్రమాదం కూడా. మేం చేశాం, మీరు చేయకండి.)

నేను ఏ షిఫ్ట్‌లో ఉంటే పొద్దున ఐదింటికే వెళ్లిపోతా. బీ షిఫ్ట్ అయితే వచ్చేసరికి రాత్రి పదకొండు. సీ షిఫ్ట్ అయితే పొద్దున ఏడింటికి కంపెనీ బస్సు దిగి నేరుగా మంచం. తమ్ముడు కాలేజీ. మిగిలేది అమ్మ. నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసపడే మనిషి. ఇద్దరి మధ్య రోజంతా ఏం జరుగుతోందో నేను చూడలేదు. నిజం చెప్పాలంటే చూడాలనుకోలేదు.

ఆ రాత్రి

నిరుడు జనవరి. బీ షిఫ్ట్ ముగించుకుని వచ్చేసరికి తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. 'అక్కా, ఉంగి అమ్మ ఇన్‌హేలర్ కొరికింది.'

నీలం రంగు ప్లాస్టిక్ గొట్టం ముక్కలు. లోపలి అల్యూమినియం డబ్బాకు పంటిగాటు, చిన్న చిల్లు. కుక్క మామూలుగా లేదు. గది చుట్టూ తిరుగుతోంది, కూర్చోదు, నాలుక బయటికి వేలాడేసి రొప్పుతోంది. ఛాతీ మీద చెయ్యి పెట్టా. లోపల కుట్టుమిషన్ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతున్నట్టుంది.

తమ్ముడు గూగుల్ చూసి ఉప్పునీళ్లు తాగించి కక్కిద్దామన్నాడు. అదృష్టం, ముందు చందానగర్ వైపు ఉన్న ఒక 24 గంటల క్లినిక్‌కు ఫోన్ చేశాం. 'ఉప్పునీళ్లు పొయ్యకండి, అదే ప్రాణం మీదికి తెస్తుంది. మందు నోట్లో, ఊపిరితిత్తుల్లో ఎప్పుడో ఇంకిపోయి ఉంటుంది. వెంటనే తీసుకురండి' అన్నారు డాక్టర్. ఆటోలో నా ఒళ్లో అది ఒణుకుతూనే ఉంది.

మందుల కంపెనీలో పనిచేసే నాకే తెలియని లెక్క ఆ రాత్రి తెలిసింది. ఆ నీలం ఇన్‌హేలర్‌లో ఉండేది సాల్బుటమాల్. ఒక్కో నొక్కుకు 100 మైక్రోగ్రాములు, మొత్తం 200 నొక్కులు. ఒత్తిడితో నింపిన డబ్బా కాబట్టి పన్ను దిగగానే లోపలున్నదంతా ఒక్కసారిగా నోట్లోకి చిమ్ముతుంది. గుండె అదుపు తప్పి కొట్టుకుంటుంది, రక్తంలో పొటాషియం పడిపోతుంది. వదిలేస్తే గుండె లయ తప్పి చనిపోవచ్చు. సమయానికి తెస్తే చాలామటుకు బతికేస్తాయి.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న ఇది. 'డబ్బాలో ఎంత మందు మిగిలి ఉంది?'

నేను లెక్కేసుకున్నా. కొని ఐదు వారాలు. అమ్మ ఎప్పుడో ఒకసారి పీలుస్తుంది. చాలానే ఉండి ఉంటుంది. అమ్మకు ఫోన్ చేశా. అటునుంచి కాసేపు చప్పుడు లేదు.

'గది మొన్న తెచ్చుకున్నది బిడ్డా. పాతది ఎప్పుడో అయిపోయింది. దానెనక ఇంకోటి సుత అయిపోయింది.'

ఫోన్ పట్టుకుని నిలబడ్డా. ఐదు వారాల్లో రెండు డబ్బాలు. నాలుగొందల నొక్కులు. గల్లీ చివరి మెడికల్ షాపుకు వెళ్లి తనే కొనుక్కుంటోంది. ఖాళీవి చెత్తబండిలో వేస్తోంది. ఎందుకు చెప్పలేదో అప్పుడు అడగలేదు. అడగక్కర్లేదు కూడా. చెబితే ఉంగిని పంపించేస్తామని.

కుక్కకు గుండె వేగం తగ్గించే మందు, సెలైన్‌లో పొటాషియం పెట్టారు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఈసీజీ తీగలతో పడుకోబెట్టారు. పద్నాలుగు వేలు బిల్లయింది. బయటికొచ్చేటప్పుడు తోక ఊపింది. మిగిలిన భయమంతా ఇంటి దగ్గర ఉంది.

డాక్టర్ మాట, అమ్మ మాట

ఆ వారమే అమ్మను ఛాతీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. చర్మం మీద చుక్కలు వేసి అలర్జీ పరీక్ష చేశారు. దుమ్ములో ఉండే సూక్ష్మ పురుగులకు పెద్ద దద్దురు. కుక్కకు దానికన్నా చిన్నది, కానీ ఉంది. 'లేదు' అంటారేమోనని ఆశపడ్డా. ఉంది.

డాక్టర్ రెండు విషయాలకు కోప్పడ్డారు. మొదటిది, ఆవిడ రోజూ పీల్చాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఎప్పుడో మానేసి, ఆయాసం వచ్చినప్పుడల్లా నీలందే పీలుస్తోంది. ఇది మన ఇళ్లలో చాలామంది చేసే పనే. నీలం డబ్బా అప్పటికప్పుడు గొట్టాల్ని తెరుస్తుంది తప్ప లోపలి వాపును తగ్గించదు. ఒక్క దాని మీదే ఆధారపడటం వద్దని ఆస్తమా మీద అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే 'జినా' సంస్థ 2019 నుంచీ చెబుతోంది. నెలకో నీలం డబ్బా ఖాళీ అవుతోందంటే అది ప్రమాద ఘంటికే అన్నారు.

రెండోది కుక్క. 'పంపించేయడం అన్నిటికన్నా మంచిది. కానీ ఈ రోజు పంపినా దాని అలర్జెన్ ఇంట్లో నెలల తరబడి ఉంటుంది. ఉంచుతామంటే మాత్రం పడకగదిలోకి అడుగు పెట్టకూడదు' అన్నారు.

ఆదివారం మేనమామ వచ్చాడు. తీర్పు కూడా తెచ్చాడు. 'కుక్క గావాల్నా, అక్క గావాల్నా? తేల్చుకోండ్రి. నేను పొలం కాడ కట్టేస్కుంట.' తమ్ముడు తల దించుకున్నాడు. నేను అప్పటికే ఫోన్‌లో 'మంచి ఇల్లు కావాలి' అని ఒక మెసేజ్ టైప్ చేసి ఉంచా. పంపలేదు.

అమ్మ పాలకూర తెంపుతూ తల ఎత్తకుండా అంది. 'నా దమ్ము కుక్కతోటి మొదలుగాలే. మీ బావ పోయినంక నాలుగేండ్లు ఈ ఇంట్ల పొద్దంత ఎవ్వలు మాట్లాడెటోళ్లు లేకుండె. గిప్పుడు ఇది ఒర్లుతది, నేను తిడ్త. అర్ర బైటనే పంట అంటే పండనియ్యి. మందు పీల్చమంటే పీలుస్త.'

ఇంక ఎవరం మాట్లాడలేదు. మేనమామ చాయ్ తాగి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ దాని చెవి దగ్గర గోకాడు.

ముక్కుకు పని

అమ్మ గదికి మోకాలెత్తు చెక్క గేటు పెట్టించాం. పరుపుకు, దిండ్లకు కొత్త గలేబులు. దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో. ఇన్‌హేలర్లు, మాత్రలు అన్నీ గోడ అల్మారా పైఅరలో. కానీ అసలు సమస్య అది కాదని నాకు అర్థమైంది. ఇన్‌హేలర్ ఎందుకు కొరికింది? పని లేక.

పూడుల్ అంటే ముద్దుగా కత్తిరించిన జుట్టుతో సోఫా మీద కూర్చునే కుక్క అనుకుంటాం. నిజానికది వేటకుక్క. నీళ్లలో పడిన బాతుల్ని ఈదుకుంటూ వెళ్లి పట్టుకొచ్చేది. 'పుడెల్న్' అనే జర్మన్ మాట నుంచి పేరొచ్చింది, నీళ్లలో తపతపలాడటం అని అర్థం. ఆ వింత కటింగ్ కూడా సోకు కోసం పుట్టింది కాదు. ఈదడానికి అడ్డురాకుండా ఒళ్లు గొరిగి, చలికి కీళ్లు, ఛాతీ దగ్గర మాత్రం వదిలేసేవారు. ఇక కాకర్ స్పానియెల్ పని పొదల్లో దాక్కున్న వుడ్‌కాక్ పిట్టల్ని వాసన పట్టి లేపడం. దాని పేరులో 'కాక్' ఆ పిట్టదే. అంటే మేం రెండు వేటకుక్కల బిడ్డను టూ బీహెచ్‌కే ఫ్లాట్‌లో పెట్టి 'కామ్‌గా కూర్చో' అంటున్నాం.

అందుకే పరుగు తగ్గించి ముక్కుకు పని పెట్టాం. దాని తిండి గిన్నెలో వేయడం మానేశాం. కోడిగుడ్ల అట్ట ట్రేలో గింజలు గింజలుగా వేసి పైన కాగితం ఉండలు కుక్కుతుంది అమ్మ. పాత టవల్‌ను ముడులేసి మధ్యలో ఉడికించిన చికెన్ ముక్కలు దాస్తుంది. కుర్చీలో కూర్చునే చేసే పని ఇది, ఆయాసం లేదు. పావుగంట వెతుకులాట అయ్యాక ఉంగి పడుకుంటే గంటన్నర లేవదు. నాలుగు కిలోమీటర్ల పరుగు చేయలేనిది ముప్పై గుడ్ల ట్రే చేసింది.

బయటికి వెళ్లినప్పుడు కూడా దాన్ని లాక్కుపోవడం మానేశా. కరెంటు స్తంభం దగ్గర మూడు నిమిషాలు వాసన చూస్తానంటే చూడనిస్తా. మనం ఫోన్ చూసుకోమా? దానికి అది ఇన్‌స్టా.

ఎండాకాలం మాత్రం పొద్దున ఆరున్నర లోపే. ఏప్రిల్, మేలో మన దగ్గర నలభై దాటుతుంది. రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే అక్కడ కుక్క నడవలేదు. కారణం చెప్పకపోయినా దాని కాళ్లు కాలతాయి. అపార్ట్‌మెంట్‌లో 'కుక్కలకు లిఫ్ట్ లేదు' అని ఒకరోజు కాగితం అతికించారు. అలా నిషేధించకూడదని కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది, ఆ కాగితం ప్రింట్ తీసి చూపించా. కానీ పగలంతా అది ఒర్లుతుంటే కింది ఫ్లాట్ ఆంటీ పడ్డ కష్టమూ నిజమే. ట్రే ఆట మొదలయ్యాక ఆవిడే గుడ్ల ట్రేలు దాచి ఇస్తోంది.

ఈతకుక్క, ఈదలేని నీళ్లు

మా చుట్టూ నీళ్లకేం తక్కువ? నాలుగడుగులేస్తే అమీన్‌పూర్ చెరువు. సంగారెడ్డిలో మహబూబ్‌సాగర్. ఆపైన మంజీరా. కానీ ఉంగిని దింపేది ఎక్కడ?

అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చలికాలం వచ్చే పక్షుల మధ్యకు వేటకుక్క బిడ్డను వదలడం అన్యాయం, గట్టు మీద బెల్టుతో నడిపించడం వరకే. మంజీరాలో అభయారణ్యం ఉంది, అందులో మొసళ్లున్నాయి. ఆ ఒడ్డున ఆలోచనే వద్దు. ఇక మా ఫ్యాక్టరీల పక్కన పారే నక్కవాగు సంగతి ఈ ప్రాంతం వాళ్లకు చెప్పాలా? 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. అది మనం జ్వరాలకు, ఇన్ఫెక్షన్లకు మింగే యాంటీబయాటిక్. ఆ తర్వాత నిబంధనలు మారాయి, నిఘా పెరిగింది అంటారు. నేను ఆ పరిశ్రమలోనే జీతం తీసుకుంటున్నా. అయినా వానాకాలం రోడ్డు పక్క మడుగులో నా కుక్క మూతి పెట్టబోతే బెల్టు గట్టిగా లాగుతా.

చివరికి ఈత నేర్చింది మేనమామ పొలంలో, సదాశివపేట అవతల. బోరు నీళ్లు పట్టే హౌజు ఉంది. పోయిన ఏప్రిల్‌లో వెళ్లినప్పుడు మామ తువ్వాలు జారి అందులో పడింది. ఎవరం ఏమీ అనకముందే ఉంగి దూకింది. నాకు గుండె ఆగినంత పనైంది. అది మాత్రం తల పైకెత్తి, నాలుగు కాళ్లతో మెత్తగా నీళ్లు తోసుకుంటూ వెళ్లి, తువ్వాలు నోట కరుచుకుని తిరిగొచ్చి మామ కాళ్ల దగ్గర పడేసింది. దానికెవరూ నేర్పలేదు. మామ తువ్వాలు పిండుకుంటూ 'ఇంకోపారి ఎయ్యాల్నా?' అన్నాడు. ఆ పూట ఆ తువ్వాలు ఎన్నిసార్లు హౌజులో పడిందో లెక్కలేదు.

గొంగడి పాఠం

ఆ ఈత సంబరానికి మూల్యం మూడో రోజున తెలిసింది. చంకల్లో, చెవుల వెనక జుట్టంతా గడ్డలు కట్టింది. పల్లేరుకాయలు ఇరుక్కుని చర్మం ఎర్రబడింది. స్నానం చేయిస్తే విడిపోతుందనుకుని షాంపూ పోసి బాగా రుద్దా. ఇంకా గట్టిపడింది!

ఎందుకలా అయిందో చెప్పింది గ్రూమర్ కాదు. మామ పొలం గట్టున గొర్రెలు మేపుకునే కురుమ తాత. ఆయన మంద నల్ల ఉన్ని గొర్రెలు, మన దక్కనీ జాతి. ఉంగిని చూసి నవ్వి 'గొర్రె లెక్కనే ఉంది' అన్నాడు. గడ్డల్ని వేళ్లతో పట్టి చూసి నవ్వు ఆపేశాడు. 'నీళ్లు వోసి రుద్దినవా? గట్ల రుద్దితే ఉన్ని ఒకదాంట్లొకటి సొచ్చి గొంగడైతది. గొంగడి గట్టిపడాల్నంటే మేం జేసేది గదే. ముందుగాల దువ్వి, ఎనక తడుపు.'

ఒక్క ముక్కలో తేల్చేశాడు. తడి, రాపిడి కలిస్తే ఉన్ని దట్టమవుతుంది. గొంగడికి అది కావాలి, కుక్కకు వద్దు. పూడుల్ జుట్టు రాలదు అంటే అర్థం, ఊడిన వెంట్రుక నేల మీద పడకుండా ఉంగరాల్లోనే చిక్కుకుంటుందని. దాన్ని మనమే తీయాలి. ఇప్పుడు రోజు విడిచి రోజు పాయలు పాయలుగా విడదీసి, స్టీలు దువ్వెన చర్మం దాకా దిగేలా దువ్వుతాం. పైపైన బ్రష్ తిప్పితే నిగనిగలాడుతుందిగానీ లోపల గొంగడి తయారవుతూనే ఉంటుంది. ఇదంతా బయట బాల్కనీలో, నేనో తమ్ముడో. అమ్మ ముట్టదు. స్నానం వారానికోసారి, దువ్వాకే. చెవులు పొడిగా తుడవాలి. వేలాడే చెవులు, లోపల జుట్టు, పైన ఈత... మూడూ కలిస్తే చీము పట్టడానికి రెండు రోజులు చాలు. ఆరు వారాలకోసారి కటింగ్, పదిహేను వందలు. నా హెయిర్‌కట్ రెండొందల యాభై.

దువ్వడం వల్ల ఇంకో లాభం. గోమార్లు దొరికిపోతాయి. మీరు పిడుదులు అంటారేమో. అంత జుట్టులో అవి కంటికి కనపడవు, దువ్వెనకు తగులుతాయి. మన వాతావరణంలో ఏడాదంతా ఉంటాయి, వాటితో వచ్చే జ్వరం ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. కుక్క ఒక పూట తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయినట్టుంటే గోమారి మందు వేశాం కదా అని కూర్చోకండి, రక్తపరీక్ష చేయించండి.

పొద్దున ఏడింటికి

ఇప్పుడు అమ్మ దగ్గర ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంది. పీక్ ఫ్లో మీటర్. గట్టిగా ఊదితే ఊపిరి ఎంత బలంగా వస్తోందో ముల్లు చూపిస్తుంది. పోయిన జనవరిలో 220. డాక్టర్ రోజూ రాయమన్నారు. పాల లెక్క రాసే పుస్తకంలోనే, పాల లెక్క పక్కనే రాస్తుంది. నీలం ఇన్‌హేలర్ ఎన్నిసార్లు పీల్చిందో కూడా అందులోనే. ఈ డిసెంబర్‌లో, పొగమంచుకు కంపెనీల వాసన తోడై అందరం దగ్గుతున్న వారంలో, అంకె మళ్లీ 250కి పడింది. ఆ వారం ఉంగిని పొలానికి పంపించాం. తొమ్మిది రోజులున్నాక మామే తీసుకొచ్చాడు. 'తువ్వాళ్లన్నీ కరాబు జేసింది' అన్నాడు. వచ్చే చలికాలం ఎలా ఉంటుందో, అంకె ఏం చెబితే అది.

నిన్న సీ షిఫ్ట్ దిగి ఏడింటికి ఇంటికొచ్చా. తలుపు తీయగానే ఉంగి నా చెప్పు ఒకటి ఎత్తుకుని హాలు చుట్టూ మూడు రౌండ్లు కొట్టి, గేటు దగ్గర ఆగింది. గేటు అవతల మంచం మీద అమ్మ గొట్టం పట్టుకుని ఊదింది. కళ్లద్దాలు పైకి తోసుకుని ముల్లు చూసింది.

'మూడొందల పది' అంది. నాతో కాదు, గేటు ఇవతల ఉన్నదానితో.